తలుపు లేని గుడిసెకు అంటించిన నోటీసు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇటీవల మీ ఉత్తరాల శీర్షికలో ఒక పాఠకుడు, అక్రమమైన ఆదేశాన్ని అమలు చేసిన చిన్న ఉద్యోగిని తప్పుపట్టడం అన్యాయమని, పైనుంచి ఫోన్ వచ్చాక కిందివాడు చేయగలిగేది ఏముంటుందని, శిక్షించదలిస్తే ఫోన్ చేసినవారినే శిక్షించాలని రాశారు. ఆ మాటలో సానుభూతి ఉంది, లోకానుభవమూ ఉంది. రెవెన్యూ శాఖలో 34 ఏళ్లు పనిచేసి డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేసిన నేను ఆ వాదనను ఎన్నోసార్లు విన్నాను, అంతకంటే ఎక్కువసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. అయినా అది చట్టం ముందు నిలవదు, మనస్సాక్షి ముందు అసలే నిలవదు. ఆ సంగతి చెప్పడానికి ఇతరుల తప్పులు వెతకనవసరం లేదు కనుక, నా చేతిరాతతో జరిగిన పనితోనే మొదలుపెడతాను.

అవి తాలూకాలు పోయి మండలాలు వచ్చిన తొలి రోజులు. నేను ఒక మండల రెవెన్యూ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటును. ఒకనాడు రాత్రి ఎనిమిది గంటలకు నన్ను ఇంటి నుంచి పిలిపించారు. రోడ్డు పక్కన ప్రభుత్వ బంజరులో 17 గుడిసెలున్నాయి, తెల్లవారాక అవి ఉండకూడదని పైనుంచి చెప్పారు, కానీ నోటీసులు ఇచ్చిన దాఖలా ఫైలులో లేదు. మూడు వారాల కిందటి తేదీతో ఆ దాఖలాను తయారుచేయడం నా వంతు. బయటికి పంపే కాగితాలకు వరస నంబర్లు వేసే మా డిస్పాచ్ రిజిస్టరులో ఇలాంటి అవసరాల కోసం అక్కడక్కడ ఒక నంబరు ఖాళీగా వదిలిపెట్టే అలవాటు అప్పటికే ఉండేది. ఖాళీలు చాలకపోతే పాత నంబరు పక్కన 'ఏ' అనో 'బి' అనో చేర్చేవాళ్లం. పదిహేడు నోటీసులూ నేనే రాశాను. అన్నీ ఒకే పూట రాసినట్టు కనిపించకూడదని మధ్యలో రెండుసార్లు పెన్ను మార్చాను. అలా మార్చమని నాకు ఎవరూ చెప్పలేదు, ఆ తెలివి నాకే పుట్టింది. చివరగా, 'సదరు ఆక్రమణదారులు నోటీసులు తీసుకొనుటకు నిరాకరించినందున వారి వారి ఇండ్ల తలుపులకు అంటించితిమి' అని పంచనామా రాస్తే, ఇద్దరు గ్రామ సేవకులు సాక్షులుగా వేలిముద్రలు వేశారు.

మర్నాడు ఉదయం మేం వెళ్లేసరికి, వరసలో నాలుగో గుడిసెకు తలుపు లేదు. గోనెపట్టా వేలాడుతోంది. లోపల మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. "నోటీసు ఎప్పుడిచ్చారయ్యా?" అని ఆ ఇల్లాలు అడిగితే, నేను పంచనామా తీసి పైకి చదివాను. తలుపులకు అంటించితిమి అన్న మాట దగ్గర ఆమె గోనెపట్టా వైపు చూసింది. నేనూ చూశాను. ఇద్దరం ఏమీ అనలేదు. గంజి వార్చుకోవడానికి మాత్రం వ్యవధి ఇచ్చాం, అది మా దయాగుణమని ఆ సాయంత్రం ఆఫీసులో చెప్పుకున్నాం కూడా.

ఆ గుడిసెలు చట్టప్రకారం తీయదగినవే కావచ్చు. కానీ 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కూడా ముందుగా 7వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి, ఎందుకు ఖాళీ చేయించకూడదో చెప్పుకునే అవకాశం ఇచ్చి, ఆ జవాబు విన్నాకే 6వ సెక్షన్ కింద ఖాళీ చేయించమంటుంది. తెల్లదొరల కాలంలో రాసిన చట్టంలోనే ఆ మాత్రం మర్యాద ఉంది. ఆ మర్యాదను మేం కాగితం మీద జరిపించి, మనుషులకు ఎగ్గొట్టాం. ఇన్నేళ్లయినా నాకు మింగుడుపడని సంగతి మరొకటి ఉంది: ఆ రాత్రి నన్నెవరూ బెదిరించలేదు. సస్పెండ్ చేస్తామని గానీ, బదిలీ చేస్తామని గానీ ఎవరూ అనలేదు. "రాయి" అన్నారు, రాశాను. కాదంటే ఏమయ్యేదో కూడా ఆలోచించలేదు. పై పాఠకుడు చెప్పిన 'చేయగలిగేది ఏముంది' అన్న ప్రశ్న నాకు ఆ రాత్రి ఎదురే కాలేదు. తప్పు చేయడానికి ప్రతిసారీ భయం అవసరం లేదు, చాలాసార్లు అలవాటు చాలు.

ఇక చట్టం సంగతి. పాత భారత శిక్షాస్మృతిలో 167వ సెక్షన్ ఉండేది, ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో 201వ సెక్షన్‌గా ఉంది. ఇతరులకు హాని కలిగించాలనే ఉద్దేశంతోనో, కలుగుతుందని తెలిసో ప్రభుత్వోద్యోగి తప్పుడు పత్రం తయారుచేస్తే మూడేళ్ల వరకు జైలుశిక్ష వేయవచ్చునని ఆ సెక్షన్ చెబుతుంది. పత్రం తయారుచేసినవాడి గురించే అది మాట్లాడుతుంది, 'పైవారు చెబితే తప్ప' అన్న మినహాయింపు అందులో లేదు. మినహాయింపు ఎక్కడైనా ఉందనుకుంటే అది పాత 76వ సెక్షన్‌లో, అంటే నేటి సంహిత 14వ సెక్షన్‌లో ఉండాలి. అక్కడ పై అధికారి ఆజ్ఞపై గుంపు మీద కాల్పులు జరిపిన సైనికుడి ఉదాహరణ ఉంటుంది, మా ఉద్యోగుల్లో చాలామంది దాన్నే అభయహస్తంగా భావిస్తారు. కానీ ఆ వాక్యాన్ని చివరిదాకా చదవాలి: ఆ ఆజ్ఞ చట్టం ఆదేశించినదానికి అనుగుణంగా ఉన్నప్పుడే సైనికుడికి రక్షణ. వాస్తవాన్ని పొరబడితే చట్టం క్షమిస్తుంది, చట్టాన్ని పొరబడ్డానంటే క్షమించదు. తలుపు లేని ఇంటి తలుపుకు నోటీసు అంటించానని రాసిన నాకు, పొరబాటు పడ్డానని చెప్పుకునే వీలు ఎలాగూ లేదు.

ఈ సూత్రం మనకు కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత నూరెంబర్గ్‌లో నాజీ నాయకులను విచారించినప్పుడు 'ఆజ్ఞ పాటించాం' అన్న జవాబును న్యాయస్థానం అంగీకరించలేదు. ఆ తీర్పు నుంచి ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘం 1950లో సూత్రాలు కూర్చినప్పుడు, ప్రభుత్వం చెప్పిందనో పై అధికారి చెప్పాడనో చేసినంత మాత్రాన బాధ్యత తొలగిపోదని, అయితే ఆ మనిషికి నైతికంగా మరో దారి ఎంచుకునే అవకాశం నిజంగా ఉండి ఉండాలని అందులో చేర్చింది. ఆ చివరి షరతు నాకు చాలా న్యాయంగా తోస్తుంది. తలకు తుపాకీ గురిపెడితే రాసినవాడిని, కుర్చీ లాక్కొచ్చి కూర్చుని పెన్ను మార్చుకుంటూ రాసినవాడిని ఒకే గాటన కట్టకూడదు.

మన సుప్రీంకోర్టు 2011లో ప్రకాశ్ కదమ్ కేసులో ఈ నూరెంబర్గ్ మాటనే తెచ్చింది. బూటకపు ఎన్‌కౌంటర్ చేయమని పై అధికారి ఆదేశిస్తే దాన్ని తిరస్కరించడం పోలీసు విధి అని, అలా కాక అమలు చేస్తే హత్యానేరం మోపబడుతుందని హెచ్చరించింది. 'తిరస్కరించవచ్చు' అనలేదు, విధి అన్నది. ఈ తేడా గమనించాలి. అక్రమ ఆజ్ఞను కాదనడాన్ని మనం ఏదో వీరుల సాహసంగా చూస్తాం, కోర్టు దాన్ని జీతం తీసుకునేవాడి మామూలు డ్యూటీగా చూసింది.

పోలీసుల మాట వేరు, రెవెన్యూ వాళ్ల మీదికి ఎవరొస్తారు అనుకునేవారికి మన గుంటూరు జిల్లా ఉదాహరణే ఉంది. అక్కడ తహసీల్దారుగా ఉన్న ఒక అధికారి, హైకోర్టు ఉత్తర్వు ఉండగానే 2014 జనవరిలో పేదల గుడిసెలు కూలగొట్టించారు. కోర్టు ధిక్కారం కింద హైకోర్టు ఆయనకు రెండు నెలల జైలుశిక్ష విధించింది. ఆయన అప్పీలు 2025 మే నెలలో సుప్రీంకోర్టులో తేలేనాటికి ఆయన డిప్యూటీ కలెక్టరు అయ్యారు. సుప్రీంకోర్టు జైలుశిక్ష తప్పించి, ఆయనను తిరిగి తహసీల్దారు హోదాకు దించి, లక్ష రూపాయల జరిమానా వేసింది. దాదాపు 11 ఏళ్ల తర్వాత, మధ్యలో వచ్చిన పదోన్నతి కూడా వెనక్కి పోయింది. ఈలోగా రాష్ట్రం విడిపోయింది, ప్రభుత్వాలు మారాయి. ఎవరి హయాంలో ఎవరు ఫోన్ చేసినా, ప్రభుత్వం మారాక ఆ ఫోన్ ఎత్తేవాళ్లుండరు. ఫైలులో మిగిలేది సంతకం పెట్టినవాడి పేరే.

ఈ గుంటూరు తీర్పుకు ఆరు నెలల ముందే, 2024 నవంబరు 13న బుల్డోజరు కూల్చివేతల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలను ప్రతి మండల కార్యాలయం గోడకూ అంటించాలని నా కోరిక. కూల్చే ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి, దాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, కట్టడానికీ అంటించాలి. కూల్చివేతను వీడియో తీయాలి. ఆదేశాలను ఉల్లంఘిస్తే ఆ అధికారి తన సొంత డబ్బుతో కట్టడాన్ని పునరుద్ధరించి, నష్టపరిహారం కూడా చెల్లించాలి. రోడ్లు, కాలిబాటలు, రైలుమార్గాలు, చెరువులూ నదుల వంటి చోట్ల ఉన్న ఆక్రమణలకు ఈ ఆదేశాలు వర్తించవని కోర్టే చెప్పింది కనుక, ఇది ఆక్రమణదారులకు ఇచ్చిన పట్టా అని గగ్గోలు పెట్టనక్కర్లేదు. వీటన్నిటికంటే నన్ను ఆపింది ఒక చిన్న ఆదేశం: నోటీసు అందజేసిన వెంటనే ఆ సంగతిని కలెక్టరు కార్యాలయానికి ఈమెయిలులో పంపాలి, అందినట్టు దానంతట అదే జవాబు రావాలి. ఎందుకంటే, వెనకటి తేదీ వేశారన్న ఆరోపణకు తావుండకూడదట. ఆ వాక్యం చదివినప్పుడు మా డిస్పాచ్ రిజిస్టరు ఖాళీ గళ్లు నా కళ్ల ముందు కదిలాయి. ఢిల్లీలో కూర్చున్న న్యాయమూర్తులకు కూడా మా విద్య తెలుసన్నమాట.

అయితే ప్రతి గుమస్తా ప్రతి ఉత్తర్వునూ తూకం వేస్తూ కూర్చుంటే పరిపాలన సాగుతుందా అన్న ప్రశ్న రాకమానదు. సాగదు, సాగకూడదు కూడా. ప్రభుత్వ విధానం నాకు నచ్చకపోవడం వేరు, అది చట్టవిరుద్ధం కావడం వేరు. నచ్చని విధానాన్ని నోట్ ఫైలులో నా అభిప్రాయం రాసి అమలు చేయడమే నా పని, ఎందుకంటే ఓట్లు వేసి గెలిపించింది మంత్రిని గానీ నన్ను కాదు. చట్టబద్ధమో కాదో అనుమానంగా ఉన్న ఆదేశాన్ని రాతపూర్వకంగా ఇవ్వమని అడగాలి. నోటీసు ఇవ్వకుండా ఇచ్చినట్టు రాయమనడం, లేని మనిషి వేలిముద్ర వేయించమనడం, కస్టడీలో ఉన్నవాడిని కాల్చేయమనడం ఈ రెండింటిలోనూ చేరవు. వాటిని తూకం వేయడానికి న్యాయశాస్త్రం చదవనక్కర్లేదు, ఇంట్లో భార్యకు చెప్పుకోగలమా అని ఒక్కసారి అనుకుంటే చాలు. నేను ఆ పదిహేడు నోటీసుల సంగతి మా ఆవిడకు చెప్పింది పదవీ విరమణ చేసిన తర్వాతే.

రాతపూర్వకంగా అడగడమన్నది కూడా నేను కల్పించిన ఉపాయం కాదు. అఖిల భారత సర్వీసుల ప్రవర్తన నియమావళి, కేంద్ర ఉద్యోగుల ప్రవర్తన నియమావళి రెండూ పై అధికారి ఆదేశం సాధారణంగా రాతపూర్వకంగానే ఉండాలని, నోటిమాటగా ఇవ్వక తప్పనప్పుడు వెంటనే రాతలో ధ్రువీకరించాలని, ఆ ధ్రువీకరణను కింది ఉద్యోగి అడిగి తీసుకోవాలని చెబుతాయి. కేంద్రంలో క్యాబినెట్ కార్యదర్శిగా పనిచేసిన టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్, మరికొందరు విశ్రాంత అధికారులు వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2013 అక్టోబరు 31న ఇచ్చిన తీర్పులో, ప్రభుత్వాధికారులు నోటిమాట ఆదేశాల మీద పనిచేయరాదని, రాతలో లేని ఆదేశాలు సమాచార హక్కు చట్టాన్నే నిష్ఫలం చేస్తాయని చెప్పి, రాష్ట్రాలు కూడా తగిన ఉత్తర్వులు ఇవ్వాలన్నది. ఆ తీర్పు వచ్చాక నేను ఇంకా కొన్నేళ్లు ఉద్యోగంలో ఉన్నాను. మా కార్యాలయంలో దాని ప్రతిని నేను చూడలేదు. కొత్త క్యాలెండర్లు మాత్రం ఏటా వచ్చేవి.

అలా అడిగినవాడికి ఏమవుతుందో మీ పాఠకుడికి తెలుసు, నాకూ తెలుసు. ఉద్యోగం పోదు, పోగొట్టడం రాజ్యాంగం 311వ అధికరణ వల్ల అంత తేలిక కాదు. కానీ పోస్టింగు లేకుండా నెలల తరబడి కూర్చోబెట్టవచ్చు, పిల్లల చదువు మధ్యలో బదిలీ చేయవచ్చు, రిటైరయ్యే నెలలో ఛార్జ్ మెమో ఇచ్చి పింఛను తేలకుండా చేయవచ్చు. స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాల గురించి ప్రధానమంత్రి కార్యాలయానికి రాసి, తన పేరు బయటపెట్టవద్దని కోరిన ఇంజినీరు సత్యేంద్ర దూబే 2003 నవంబరులో గయలో హత్యకు గురయ్యాడు. అక్రమాలు బయటపెట్టేవారి రక్షణకు 2014లో పార్లమెంటు చట్టం చేసింది, రాష్ట్రపతి సంతకమూ అయింది, అది అమలులోకి వచ్చే నోటిఫికేషన్ మాత్రం రాలేదు. ఉద్యోగి మీద బాధ్యత మోపే సెక్షన్లన్నీ అమలులో ఉండి, అతన్ని కాపాడే చట్టం మాత్రం అల్మరాలో ఉండడం ఏం న్యాయమని మీ పాఠకుడు అడిగి ఉంటే, ఆయన పక్కనే నేనూ నిలబడేవాణ్ని.

ఒంటరిగా కాదనడం కష్టం, కలిసి కాదనడం అంత కష్టం కాదని చూపిన జిల్లా కూడా గుంటూరే. 1922 జనవరిలో పెదనందిపాడు ప్రాంతంలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పన్ను నిరాకరణ సాగినప్పుడు, శిస్తు వసూలు చేయవలసిన గ్రామాధికారులే రాజీనామాలు చేశారు. దండు దిగింది, జప్తులు జరిగాయి, అయినా వసూలు చేసే చెయ్యి లేక సర్కారు కొన్నాళ్లు దిక్కుతోచక నిలబడింది. చౌరీచౌరా తర్వాత గాంధీజీ ఉద్యమాన్ని ఆపేశారు కనుక అది అంతటితో ముగిసింది. ఆ కరణాలూ మునసబులూ కాదన్నది వాళ్ల సర్కారుకే. నేను చేరిన శాఖ వాళ్లదే. శిక్షణలో మాకు అడంగలు, ఒకటో నంబరు ఖాతా, జమాబందీ వంటి భూమి, శిస్తు లెక్కలన్నీ నేర్పారు గానీ వాళ్ల రాజీనామాల గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

ఇక ఉద్యోగులు కాని వారి మాట. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక యువతిపై అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు, జనం వంతెన మీద నుంచి పోలీసుల మీద పూలు చల్లారు. జరిగిన అత్యాచారం, హత్య ఎంత ఘోరమైనవో, ఆ ఆగ్రహం ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. నాకూ ఇద్దరు మనవరాళ్లున్నారు. కానీ సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్, ఆ కాల్పులు చంపే ఉద్దేశంతోనే జరిగాయని తేల్చి, పదిమంది పోలీసు అధికారులను హత్యానేరం కింద విచారించాలని, కాల్పులు జరిపినవారు 76వ సెక్షన్ చాటున దాక్కోలేరని 2022లో బయటకు వచ్చిన తన నివేదికలో సిఫారసు చేసింది. అది సిఫారసే, తీర్పు కాదు. సుప్రీంకోర్టు ఆ వ్యవహారాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది. నా బాధ ఆ పూల గురించి. అక్రమమైన ఆజ్ఞను కాదన్నవాడికి మనం ఏనాడైనా ఒక్క రేకు చల్లామా? నోటీసు లేకుండా కూల్చనన్న తహసీల్దారును, దొంగ ఓటరు పేరు చేర్చనన్న గ్రామ ఉద్యోగిని 'పనికిరానివాడు, రూల్సు మాట్లాడతాడు' అని వెక్కిరించేది పై అధికారులు మాత్రమే కాదు. ఆ కూల్చివేత మన పక్కింటివాడిదైతే, ఆ రూల్సు మన పనికి అడ్డం రాకుంటే, ఫోన్ చేయించేది మనమే. నా 34 ఏళ్లలో పైనుంచి వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం కిందనుంచి పైకి వెళ్లి తిరిగి వచ్చినవే.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం మా చెల్లెలి మనవరాలు. ఆమె ఒక గ్రామ సచివాలయంలో సర్వేయరు. నెల కిందట ఒక రాత్రి ఫోన్ చేసి, "తాతయ్యా, డొంక దారి వెడల్పు తగ్గించి స్కెచ్ వేయమంటున్నారు, పైనుంచి చెప్పారట, ఏం చేయను?" అని అడిగింది. నేను ఆమెకు నీతులు చెప్పలేదు, ఆ అర్హత నాకు లేదు. ఒక వాక్యం చెప్పి రాసుకోమన్నాను: 'ఈ రోజు సాయంత్రం తమరు ఫోనులో ఫలానా సర్వే నంబరులోని డొంక వెడల్పు విషయమై ఇచ్చిన ఆదేశాన్ని, అది ఏ ఉత్తర్వు ప్రకారమో తెలుపుతూ, రాతపూర్వకంగా ధ్రువీకరించవలసిందిగా కోరుతున్నాను.' అందులో ఎదిరింపు లేదు, ఆరోపణ లేదు. కాలేజీ చదువు, సర్వే శిక్షణ అన్నీ అయిన ఆ పిల్లకు అలాంటి వాక్యం ఒకటి రాయవచ్చునని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ప్రభుత్వ కార్యాలయాల్లో కొత్తగా చేరే ఉద్యోగుల శిక్షణలో ఈ వాక్యానికి ఒక పూట కేటాయించాలని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఆమె దాన్ని వాట్సాప్‌లో పంపింది. రెండు నీలి టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు. ఆ స్కెచ్ సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. పది రోజులకు ఆమెను 40 కిలోమీటర్ల దూరంలోని మరో సచివాలయానికి డిప్యుటేషన్ మీద పంపారు, పొద్దున ఆరు గంటల బస్సు పట్టుకుంటోంది. డొంక ఉన్న వెడల్పున ఉంది. దాని మీదుగా రోజూ ట్రాక్టర్లు తోలుకుపోయే రైతులకు ఈ సంగతి ఏమీ తెలియదు.

భవదీయుడు,
విశ్రాంత డిప్యూటీ తహసీల్దారు